పాత మేనేజర్ వైపు మాట్లాడే మనిషి

నిన్న పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతుంటే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. కింద "ఫ్లెక్సీ అర్జంటండి" అని ఉంది.

సుందరం మాస్టారి ఫొటో.

పుట్టినరోజేమో అనుకున్నాను. "ఆయ్, ఏ సైజండీ" అని రిప్లై కూడా పెట్టేసేను.

అప్పుడు మాస్టారి బావమరిది గారు కాల్ చేసేరు. తెల్లవారుజామున హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే టైమ్ కూడా ఇవ్వలేదట.

మొన్న సాయంత్రమే కదా నాతో దెబ్బలాడింది.

సిస్టమ్ ముందు కూర్చున్నాను. లేచేను. మళ్ళీ కూర్చున్నాను. "ప్రభువునందు నిద్రించిరి" అని ఎంతమందికి కొట్టేనో ఈ చేత్తో. నిన్న ఆ ఒక్క లైనూ పడలేదు. చివరికి మా ఆవిడొచ్చి టైప్ చేసింది.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మాస్టారు రిటైర్డ్ డ్రిల్ మాస్టారు. అమలాపురంలో సగం మందిని విజిల్ ఊది పరిగెత్తించిన మనిషి. నేనూ, శీనూ, బాబ్జీ ఆయన పాత స్టూడెంట్లం. శనివారం వస్తే ఆయనింటి హాల్లో టీవీ ముందు చేరిపోయేవాళ్ళం.

ఇంగ్లండులో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు. ఆ ఊరు మాలో ఎవడూ చూసింది లేదు. అయినా మాకది "మన టీమ్".

ఈ సీజన్ మన టీమ్ వరసపెట్టి ఓడింది. మేనేజర్ని పీకెయ్యాలని మేం ముగ్గురం. వద్దని మాస్టారు ఒక్కరే.

"అయిదుగురిని వెనకాల నిలబెట్టేస్తే గోలెవడు కొడతాడండీ" అని నేను. "ఉన్న మనుషుల్లో సగం మందికి దెబ్బలు తగిలితే ఏం చేస్తాడ్రా" అని ఆయన. రోజూ ఇదే గోల.

కిందటి వారం నిజంగానే తీసేసేరు. మేం స్టేటస్‌లు పెట్టుకుని పండగ చేసుకున్నాం.

మర్నాడు మాస్టారు షాపుకొచ్చేరు. "ఒక ఫ్లెక్సీ వెయ్యాలి బాబూ. వీడ్కోలు ఫ్లెక్సీ."

ఎవరికండీ అన్నాను. ఫోన్ తీసి చూపించేరు. ఆ మేనేజరే.

"ఆ మొహం నా మెషీన్ మీద పడదు మాస్టారూ" అన్నాను.

"మొన్న ఎమ్మార్వో గారికి బదిలీ అయితే శాలువా కప్పలేదూ? ఆయన బాగా చేసేడనే కప్పేమా ఏంటి? మధ్యలో తీసేసినవాణ్ణి ఒక మాట చెప్పి పంపాల్రా" అన్నారు.

సణుక్కుంటూనే వేసేను. చుట్టూ కొబ్బరిచెట్ల బోర్డర్, పైన "మీ సేవలు మరువలేనివి", కింద "ఇట్లు, అమలాపురం అభిమానులు". ఆ మేనేజర్ నవ్వుతున్న ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఇంత మొహం పెట్టుకున్నదే వేసేను.

మాస్టారింట్లో టీవీ పైన ఆ ఫ్లెక్సీ కట్టి, దానికి నిజంగా శాలువా కప్పేరండీ. మాస్టారి భార్య టీచరుగారు బూరెలు వండేరు. మేం ముగ్గురం మొహాలు మాడ్చుకుని కూర్చుని, బూరెలు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

మొన్న సాయంత్రం కొత్త మేనేజర్ మీద దెబ్బలాట. మర్నాడే ఆయన ఫస్ట్ మ్యాచ్. "గెలిస్తే అప్పుడేమంటారు మాస్టారూ" అని రెచ్చగొట్టేను. "గెలిస్తే సంతోషమే. కానీ అది ఎవరు తయారుచేసిన టీమ్?" అన్నారు. రేపు మ్యాచ్ అయ్యేక తేలుద్దాం ఉండండి అని వచ్చేసేను.

ఇంక ఎవరితో తేల్చుకోనండీ?

వైజాగ్ నుంచి వాళ్ళమ్మాయి రావాలని నిన్న మాస్టారిని హాల్లోనే ఫ్రీజర్ బాక్సులో ఉంచేరు. సాయంత్రం గుమ్మం దగ్గర కుర్చీల్లో మేం ముగ్గురం. అవతల మ్యాచ్ మొదలైపోయింది. ముగ్గురి జేబుల్లోనూ ఫోన్లు గుయ్ గుయ్ మంటున్నాయి. ఎవడూ తియ్యలేదు. నేను ఒకచోట కూర్చోలేక వీధిలోకీ లోపలికీ తిరుగుతున్నాను.

టీచరుగారు వచ్చేరు. "ఇవాళ మీ కొత్తాయన మ్యాచ్ కదా. ఎవరూ మాట్లాడరేం?"

శీను జేబులో గుయ్యిమంటున్న ఫోన్ని పైనుంచే చేత్తో నొక్కి పట్టుకున్నాడు.

"శనివారం సాయంత్రం ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేనెరగను బాబూ. భయమేస్తోంది. మామూలుగా ఉండండి" అన్నారు.

బాబ్జీ కుర్చీ మీద ఫోన్ పెట్టేడు, సౌండ్ లేకుండా. చుట్టాల్లో ఒకాయన అదోలా చూసేరు. టీచరుగారే ఆయనకి సర్దిచెప్పేరు.

గెలిచేం. రెండు గోల్స్. ఎన్నాళ్ళకో గెలిచేం, ఎవడికీ సంతోషం లేదు.

శీను నెమ్మదిగా అన్నాడు. "చూసేరా. పాతాయనుంటే డ్రా కూడా అయ్యేది కాదు."

ముగ్గురం అలవాటు కొద్దీ మాస్టారి వైపు తిరిగేం.

అటునుంచి మాట రాదు కదండీ. మేం ముగ్గురమూ ఒకేవైపు. ఆయన వైపు ఎవడూ లేడు.

"నోర్ముయ్యరా" అన్నాను. "ఆ రెండో గోల్ కొట్టిన కుర్రాణ్ణి టీమ్‌లోకి తెచ్చిందెవరు? మీరందరూ తిడుతున్నా ఆడించిందెవరు? క్లబ్బు వాళ్ళు ఆ పాతాయన అడిగిన ఒక్క డిఫెండర్నైనా కొనిచ్చేరా?"

శీను నా మొహంలోకి చూసేడు. తర్వాత వాడూ మొదలెట్టేడు. బాబ్జీ అందుకున్నాడు. మాస్టారి ఎదుటే ముగ్గురం గొంతులు పెంచి దెబ్బలాడుకున్నాం. నేను ఒక్క మెట్టు దిగలేదు. ఏడుస్తూనే వాదించేను.

టీచరుగారు గోడకి చేరబడి, కళ్ళు మూసుకుని వింటా కూర్చున్నారు.

ఇవాళ పొద్దున్న భూస్థాపన అయిపోయింది. నాకింకా కుదురు లేదు.

వెళ్ళిరండి మాస్టారూ. ఇక నుంచి శనివారాలు మీ వైపు నేనుంటాను. ఆ ప్రభువు మీకు నెమ్మదినివ్వాలి.