సెకనున్నర ముందే

మా మిల్లులో లాలాబీ చేసే పని ఏందని ఎవరన్నా అడిగితే చెప్పడం కష్టం. చూసేవాళ్ళకు ఊరికే స్టూలు మీద కూర్చున్నట్టే ఉంటాది. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు మాది. వరసగా పన్నెండు జిన్నులు. ఒక్కోదాని ముందర ఒక్కో ఆడమనిషి నిలబడి చేతుల్తో పత్తి తోస్తాంటే దూది ఒక పక్క, గింజ ఒక పక్క పడతాంటాది. ఆ వరసకు ఎదురుగా గోడకు పెద్ద స్విచ్చి, దాని పక్కన స్టూలు, స్టూలు మీద లాలాబీ. పన్నెండు మంది చేతులూ చూస్తాండాల, ఎవరికన్నా ఆపద అనిపిస్తే స్విచ్చి కొట్టాల. పంతొమ్మిదేండ్లు అదే పని చేసింది.

నేను లక్ష్మప్పను. ఆ మిల్లులో కరెంటు పని నాది. ముప్పై ఏండ్ల నుంచి ఆడ పోయిన ప్రతి వైరూ నా చేతిమీదే పోయింది. మీరు అడక్కపోయినా ఇదంతా ఎందుకు చెప్తాండానంటే ఇందులో నా తప్పు కూడా ఉంది. ఈ మధ్య అన్నం ముందర కూర్చున్నా అదే గుర్తొస్తాంది.

జిన్నులు తిరగతాంటే చెవి పక్కన అరిచినా వినపడదు. అందుకే మా ఆడోళ్ళు చేతుల్తో మాట్లాడుకుంటారు. తొడమీద కొడితే నీళ్ళు కావాలని. రెండు వేళ్ళు ఊపితే పత్తి అయిపోయింది, తెమ్మని. అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే మిషన్ ఆపమని. ఎవరు కనిపెట్టినారో తెలీదు, నేను చేరేటప్పటికే ఉండె. మూడో జిన్ను చౌడమ్మ ఇంట్లో కూడా తొడకొట్టి నీళ్ళడుగుతాదంట. "నాతో కుస్తీకి వస్తాండావా ఏంది," అని మొగుడు తిడతాడని ఆమే చెప్పి నవ్వుతాది.

లాలాబీది కోసిగి పక్కన పల్లె. రెండేండ్లు వరసగా వానల్లేక ఊరు ఊరంతా మూట కట్టుకొని పనులకు పోతాంటే, ఈమె మొగుడితో ఆదోనికి వచ్చింది. ఆయప్ప ఆటో తోలేవాడు, కామెర్లొచ్చి చచ్చిపోయినాడు. అప్పటికే ఈమె మిల్లులో ఎనిమిదేండ్లుగా జిన్ను ముందర నిలబడతాండె. ఒకరోజు చౌడమ్మ పైట బెల్టులో పడింది. పడిందని చౌడమ్మకే తెలీదు. అంతలోకే లాలాబీ పరిగెత్తిపోయి స్విచ్చి కొట్టేసింది. పైట పోయింది, మెడ మిగిలింది. ఆ మర్నాడే మా సావుకారి విశ్వేశ్వరయ్య ఆమెకు స్టూలు వేయించినాడు.

ఆ ఎనిమిదేండ్ల నిలబాటుకు ఆమె మోకాళ్ళు అప్పటికే అరిగిపోయినాయి. ఇప్పుడు యాభై ఆరేండ్లు. గేటు నుంచి లోపలికి గోడ పట్టుకొని వస్తాది. స్టూలు ఉంది కాబట్టి పనిలో ఉంది, లేకపోతే ఎప్పుడో మానేసుండు. మూడేండ్ల కింద ఒకసారి జరమొచ్చి రెండు రోజులు రాలే. సావుకారి గేటు మనిషిని తెచ్చి ఆ స్టూలు మీద కూర్చోబెట్టినాడు. వాడు సెల్లు చూసుకుంటా కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లోనే జిన్నుల వరసలో నిలబడే ఇందు కుడిచేతికి రెండు వేళ్ళు పోయినాయి. ఇరవై నాలుగేండ్ల పిల్ల. ఆ మాట వస్తే లాలాబీ ఇప్పటికీ తలకాయ వంచుకుంటాది, తానే కోసినట్టు.

ఈ ఏడు పత్తి రాకముందే సావుకారి నన్ను పిలిచి, "లక్ష్మప్పా, నాలుగు కెమెరాలు వస్తాండాయి, వైర్లు లాగాల," అన్నాడు. దొంగతనాలకేమో అనుకున్నా. కాదంట. మనుషుల కాళ్ళూ చేతులూ ఎట్ల కదులుతాండాయో అవే కనిపెట్టి, ఆపదైతే అవే మిషన్లు ఆపుతాయంట. ఇన్సూరెన్సు వాళ్ళు కూడా పెట్టమన్నారంట.

"మరి లాలాబీ?" అని అడిగినా.

"ముందు పని కానీ, చూద్దాం," అన్నాడు. విశ్వేశ్వరయ్య చెడ్డోడు కాదు. కానీ ఆయన చూద్దాం అన్నాడంటే అప్పటికే చూసేసినాడని అర్థం.

కెమెరాలతో వచ్చిన ఇంజనీరు పేరు ఉదయ్. బెంగుళూరు కంపెనీలో పని, సొంతూరు ఎమ్మిగనూరు. వాళ్ళ నాయన మగ్గం నేసేవాడంట. రోజూ పొద్దున ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చేవాడు, నిద్రలేక కండ్లు ఎర్రగా. ముప్పై దాటినాయో లేదో, నెత్తిన సగం వెంట్రుకలు లేవు. వాని కంప్యూటర్లో చూస్తే మా ఆడోళ్ళు పుల్లల బొమ్మలయిపోయినారు. తలకాయకు ఒక చుక్క, భుజాలకు రెండు, మోచేతులకు, మోకాళ్ళకు, అన్నిటినీ కలుపుతా గీతలు. "ఇందులో నేను యెవురు నాయనా? ఇంత సన్నగా యెప్పుడుంటి?" అని చౌడమ్మ అడిగింది.

మొదట నెత్తిన చెయ్యి పెడితే ఆపాలని దానికి నేర్పినాడు. అంతే, కొప్పు ముడేసుకున్నా ఆగె, నెత్తి గోక్కున్నా ఆగె. సరే, అవన్నీ దిద్దినాడు. కానీ మధ్యాన్నం ఒకటింబావుకు మాత్రం రోజూ టంచనుగా మొత్తం ఆగిపోతాంటాయి. నేను స్విచ్చి పెట్టె మూడుసార్లు విప్పి బిగించినా. ఉదయ్‌కు నిచ్చెనెక్కి దిగి తలప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు చౌడమ్మే చెప్పింది. అది మసీదులో అజా ఇచ్చే టైము. లోపలికి వినపడదు గానీ లాలాబీ గోడ గడియారం చూసి పైట తలమీదికి లాక్కుంటాది. ఆమెను చూసి ఎదురుగా వరసంతా లాక్కుంటారు, చౌడమ్మా, ఇందూ, అందరూ. అది మొక్కో మర్యాదో ఎవరూ ఎవర్నీ అడగలే. పన్నెండు చేతులు ఒక్కసారి నెత్తిమీదికి పోతే కెమెరాకేం తెలుసు పాపం, మిల్లంతా ఆపదలో పడిందనుకునింది.

అప్పుడు ఉదయ్ సావుకారితో, "నేను చెప్పి నేర్పితే కాదయ్యా. ఒక నెల లాలాబీమ్మను తన పని తాను చేయనీండి. ఆమె స్విచ్చి ఎప్పుడు కొడతాదో కెమెరా చూసి నేర్చుకుంటాది," అన్నాడు.

దానికి ముందు గడియారాల పని పడింది. నాలుగు కెమెరాలకు నాలుగు గడియారాలు, స్విచ్చికి ఇంకోటి. అన్నీ ఒకే టైము చెప్పాల, లేకపోతే చెయ్యి ముందు లేచిందా స్విచ్చి ముందు పడిందా తెలీదు. దానికని ఒక తెల్ల డబ్బా తెచ్చి గోడకు కొట్టించినాడు. మిగతావన్నీ దాన్నే టైము అడగతాంటాయి. "అడిగి, జవాబు వచ్చేసరికి ఆ టైము దాటిపోయింటాది కదన్నా. అందుకే పోయి వచ్చేదానికి ఎంత పట్టిందో చూసి, అందులో సగం కలుపుకుంటాది," అన్నాడు. వినేదానికి బాగానే ఉంది. నిచ్చెన ఎక్కేది నేను కదా. దూది నుసి గంటకోసారి ఆ కెమెరాల కండ్లకు పేరుకుంటాది, అది తుడిచేది కూడా నేనే.

ఇరవై రోజులైనాక ఉదయ్ మొహం మాడ్చుకొని వచ్చినాడు. లెక్క కుదరలేదంట. ఇందు నెత్తిన చెయ్యి పెట్టకముందే స్విచ్చి పడినట్టు చూపిస్తాందంట. ఒకసారి కాదు, ప్రతిసారీ. దగ్గర దగ్గర సెకనున్నర ముందు. "అడక్కముందే ఆపినట్టుంది, ఇదెట్లన్నా? గడియారాలే తప్పు," అన్నాడు. కేబుళ్ళు మార్చినాం. డబ్బా మార్చినాం. రెండు ఆదివారాలు పోయినాయి. నా నడుము పోయింది. మళ్ళీ అదే సెకనున్నర.

ఒళ్ళు మండి నేనే ఒక ఉపాయం చెప్పినా. "నీ గడియారాలు పక్కన పెట్టు. నేను స్విచ్చికి ఒక బల్బు కలిపి వరసలోనే వేలాడదీస్తా. స్విచ్చి కొడితే బల్బు ఆరతాది. బల్బూ మనిషీ ఒకే కెమెరాలో పడతారు. ఏది ముందో కండ్లతో చూడు." ఉదయ్ నన్ను గురువును చూసినట్టు చూసినాడు. నేను కూడా మురిసిపోయినా. ఏడ్చినట్టుంది నా తెలివి.

మర్నాడు కెమెరాలో పడిన బొమ్మను నిదానంగా తిప్పి చూసినాం. ఇందు చేతులు పత్తిలోనే ఉండాయి. బల్బు ఆరింది, మిషను ఇంకా ఆ ఊపుకు తిరగతానే ఉంది. ఆ తర్వాత, అవును, ఆ తర్వాత ఇందు చెయ్యి నెత్తికి పోయింది. గడియారాల్లో ఏ తప్పూ లేదు. లాలాబీనే ముందుంది.

మధ్యాన్నం అన్నాల కాడ ఉదయ్ ఆమెకు ఆ బొమ్మ చూపించి, "అమ్మా, మీకు ముందే ఎట్ల తెలిసింది?" అని అడిగినాడు.

"యేమో బేటా, సూస్తాంటా, అంతే," అనింది మోకాలు పిసుక్కుంటా. మళ్ళీ తిప్పించుకొని చూసింది. మూడోసారి వేలు పెట్టి చూపించింది. "ఇదో, యెడమ భుజం జారింది సూడు. మనిషికి సేత కాలేదని ముందు ఆ భుజానికే తెలుస్తాది. ఆ తర్వాత కాలు మారుస్తాది. సెయ్యి లేసేది ఆకర్న."

ఉదయ్ ఇంకోసారి తిప్పి ఆ భుజాన్నే చూసినాడు. తర్వాత కంప్యూటరు మూసి, "ఒక మాట చెప్తానమ్మా. ఈ భుజం సంగతి నేను నేర్పకపోతే కెమెరా చెయ్యి లేచేదాకా ఆగుతాది. మీకంటే సెకనున్నర లేటు. అప్పుడు లాలాబీమ్మ ఉండాల్సిందేనని సావుకారికి గట్టిగా చెప్పొచ్చు. నేర్పితే..." అని ఆడికి ఆపినాడు.

ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది. బల్బు పెట్టింది నేనే కదా, అన్నం గిన్నె మూత పెట్టేసినా.

"నాకు జరమొచ్చిన రోజు యెవురు సూస్తారు?" అనింది లాలాబీ. కొంచెం దూరంలో ఇందు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటాండాది. లాలాబీ అటు చూసింది. "నేర్పు బేటా. ఇంకా యేమేం సూస్తానో అదీ సెప్తా, రాసుకో."

"నీకేమన్నా పిచ్చా? నీ మోకాళ్ళు చూసుకున్నావా?" అన్నా నేను. నా నోటికి అడ్డం లేదు.

"సూసుకున్నా లక్ష్మప్పన్నా. ఆ పాప సెయ్యి కూడా సూసినా," అనింది.

వారం రోజులు కూర్చొని అంతా చెప్పింది. ఉదయ్ రాసుకున్నాడు. ఉన్నమాట చెప్పాల, కెమెరా బాగా నేర్చుకునింది. అది సొంతంగా పని మొదలుపెట్టిన వారంలోనే చౌడమ్మకు కండ్లు తిరిగి తూలబోతే, తూలకముందే మిషన్లు ఆగినాయి. సావుకారికి సంతోషం. ఉదయ్ పోయేముందు ఆయన గదిలోకి పోయి లాలాబీ గురించి చాలాసేపు మాట్లాడినాడు, మొహం వేలాడేసుకొని బయటికి వచ్చినాడు. ఒక్కటి మాత్రం చేసిపోయినాడు. కెమెరా మిషన్లు ఆపొచ్చు గానీ మళ్ళీ నడపాలంటే మనిషి చూసి పచ్చబటన్ నొక్కాల్సిందే. ఆ బటన్ పని నాకు అప్పజెప్పినాడు.

"ఇంక ఆ స్టూలు అడ్డం ఎందుకు లక్ష్మప్పా, పత్తి నింపిన బోరేల పక్కన పెట్టు," అన్నాడు సావుకారి. పెట్టినా. నా చేతుల్తోనే మోసుకొని పోయి పెట్టినా. ఏడో జిన్ను మనిషి కోసిగోళ్ళతో కలిసి గుంటూరు మిరపకోతకు పోయింది, ఆ చోట్లో లాలాబీని నిలబెట్టినారు. పైట నడుముకు చెక్కుకొని పోయి నిలబడింది. పత్తి తోస్తానే ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క చూస్తాండె. ఇంక ఆ పని నీది కాదు కదమ్మా అని చెప్పాలనిపించింది. చెప్పలే.

పది రోజులు నిలబడింది. సాయంత్రం గేటు దాకా పోయేదానికి చౌడమ్మ భుజం కావాల్సొచ్చేది. "యెట్లుందక్కా?" అంటే "బాగుంది" అనేది.

పదకొండో రోజు మూడు గంటలప్పుడు మిషన్లన్నీ ఒక్కసారి ఆగినాయి. అంత మోత అట్ల తెగిపోతే చెవులు నొప్పి పుడతాయి. నేను బటన్ కాడికి పరిగెత్తినా. అందరికంటే ముందు లాలాబీ తిరిగి చూసింది. ఒకటో జిన్ను నుంచి పన్నెండో జిన్ను దాకా ఒక్కొక్కరి భుజమూ చూసింది.

"యెవురికి? యెవురికేమైంది?" అనింది.

మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటా వచ్చింది. చౌడమ్మ బాగుంది, ఇందు బాగుంది, అందరూ బాగానే ఉండారు. అందరూ ఆమెనే చూస్తాండారు. అప్పుడు లాలాబీ నిదానంగా కుడిచెయ్యి ఎత్తి తన ఎడమ భుజాన్ని పట్టుకొని చూసుకునింది, ఇంకెవరిదో పట్టుకున్నట్టు.

ఇందు బోరేల పక్కకు పోయి, ఆ మూడు వేళ్ళ చేత్తోనే స్టూలు ఈడ్చుకొని వచ్చి ఆమె వెనక వేసింది. లాలాబీ కూర్చునింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకునేదేముంది. పంతొమ్మిదేండ్లు ఆమె అందర్నీ చూసింది, ఆమెకు చేత కావట్లేదని మాలో ఒక్కరం చూడలే.

సావుకారి గదిలో నుంచి వచ్చి, "ఎందుకు ఆగినాయి?" అన్నాడు.

"మీరు పెట్టించిందే అయ్యా. మనిషికి చేత కాలేదని చెప్తాంది," అన్నా.

ఆయన స్టూలును చూసినాడు, దానిమీద మనిషిని చూసినాడు. "సరే, ఐదు నిమిషాలు," అని లోపలికి పోయినాడు.

ఆ నాలుగు కెమెరాలకూ, స్విచ్చికీ, గోడమీది డబ్బాకూ అన్నిటికీ ఒకే టైము పెట్టింది నేనే. ఆ పొద్దు మాత్రం పచ్చబటన్ కాడ నిలబడి, ఐదు నిమిషాలైనాయా అని నేను ఏ గడియారమూ చూడలే.