బేస్ రాని కారు, ఎదురు షాపు ఆయన

మా ఎదురు షాపు ఆయన మొన్న పోయారు. గుండెపోటట. కబురు చెప్పింది టీ కొట్టు ఆవిడ. "ఏవండీ, తెలిసిందా? ఎదురు షాపు పెద్దాయన తెల్లవారుజామున పోయారటండీ." అప్పటికి నా షట్టరు సగం ఎత్తాను. దాన్ని మళ్ళీ దించేసి వాళ్ళింటికి వెళ్ళాను.

తాడేపల్లిగూడెంలో మా ఇద్దరివీ కారు ఆడియో షాపులే. రోడ్డుకి ఆ పక్క ఆయనది, ఈ పక్క నాది. నేను షాపు తెరిచినప్పుడు పులి నోట్లో తల పెట్టానని అందరూ అన్నారు. పులి మాత్రం మొదటి రోజే వచ్చి, "పనిముట్లవీ కావలిస్తే మొహమాటపడకండి" అని చెప్పి వెళ్ళింది. ఆదివారం చర్చికి వెళ్తూ ఆయన షట్టరుకి ఒక అట్టముక్క తగిలించేవారు: 'తొందరైతే ఎదురు షాపులో చూపించుకోండి.' ఇది మంచితనమా, వ్యాపారం తెలియకపోవడమా అని నాకు చాలాకాలం అనుమానం.

ఆయన దగ్గర పని నేర్చుకున్నది కూతురు ఒక్కతే. ఆ అమ్మాయి వైర్లు అతుకుతుంటే ఆయన పక్కన కూర్చుని, "కంగారు పడకమ్మా. ముందు విను, తరవాత విప్పు" అనేవారు. రోడ్డుకి ఇవతల నాకూ వినిపించేది.

నేను షాపు పెట్టిన కొత్త, క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. పెంటపాడు ధాన్యం వ్యాపారి ఒకాయన పాటలో దరువు, అదే బేస్, బాగా అదరాలని నా దగ్గర కారు డిక్కీలో సబ్‌వూఫర్ బాక్సు పెట్టించుకున్నారు. నెల తిరక్కుండా వచ్చి రోడ్డు మీదే కేకలు. "ఇదాండీ మీరు బిగించింది? మా ఇంట్లో రేడియో నయం! గూడెమంతా చెప్తానండీ." ఆయన చెప్తే వినేవాళ్ళు చాలామందే ఉన్నారు. కొత్త షాపు, పేరు పోతే మూసుకోవడమే. ఫ్యూజు చూశాను. ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయేమోనని చూశాను. ఎర్త్ వైరు కింద రంగు గీకి మళ్ళీ బిగించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బేస్ మాత్రం లేదు. జనం మూగారు.

అప్పుడు ఎదురు షాపు ఆయన రోడ్డు దాటి వచ్చారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పాట పెట్టమని, బాక్సుకి గాలి వదిలే గుండ్రటి కన్నం దగ్గర అరచెయ్యి ఉంచారు. "గాలి తగలట్లేదండీ" అంటూ వేళ్ళు లోపలికి పోనిచ్చి లాగితే గోనెసంచి ముక్కలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి.

వ్యాపారి గొంతు తగ్గింది. "డిక్కీలో బస్తాలు వేస్తుంటానండీ. ఎలకలు దూరతాయని నేనే కుక్కాను."

జనం నవ్వారు. ఎదురు షాపు ఆయన నవ్వలేదు. "ఎలకలు దూరితే వైర్లు మిగలవండీ, మీరన్నది నిజమే. కానీ బాక్సుకి గాలాడాలి కదండీ. ఇనప జాలీ ముక్క వేయిస్తే సరిపోతుంది." మళ్ళీ పాట పెడితే డిక్కీ మూత అదిరింది.

"ఇకనుంచి మా బండ్లన్నీ మీ దగ్గరికేనండీ" అన్నారు వ్యాపారి, అందరి ముందూ.

"బాక్సు బిగించింది ఈయనండీ. బాగా బిగించారు. జాలీ కూడా ఈయన చేతే వేయించుకోండి" అని చేతులు దులుపుకుని ఆయన వెళ్ళిపోయారు. నా షాపు నిలబడింది ఆ మాట మీదే. ఆయన పోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

నిన్న సమాధి కార్యక్రమం అయ్యాక షాపు తీశాను. భీమడోలు నుంచి ఒక కారు వచ్చి ఆయన మూసిన షట్టరు ముందు ఆగింది. డ్రైవరు ఇటు వచ్చాడు. "బేస్ రావట్లేదండీ. పెద్దాయన లేరా?" విషయం చెప్పాను. అతను ఆ షట్టరు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"పోనీ మీరు చూడండి. మా ఓనరుగారికి ఇంకా బండ్లున్నాయండీ. అన్నీ ఇక్కడికే తెస్తాను."

"సోమవారం వాళ్ళమ్మాయి షాపు తీస్తుంది. అప్పుడు రండి."

"ఆడపిల్ల కదండీ, తెలుస్తుందంటారా?"

"ఇన్నాళ్ళూ మీ బండ్లు విప్పి బిగించింది ఆవిడేనండీ."

అతను కారు వెనక్కి తిప్పాడు. వెనక్కి పిలుద్దామా అని అనిపించింది, అబద్ధమెందుకు. ఆ కారు భీమడోలు వైపు మలుపు తిరిగేదాకా మెట్టు మీదే నిలబడ్డాను.