సాంబ్రాణి పొగ చాటున

నా చిన్నప్పుడు మా నాచారం ఇంట్లో ఒకే వారంలో రెండు కాన్పులయ్యాయి. ఒకటి మా మేనత్తది, ఇంకొకటి మా జెర్సీ ఆవుది. ఇద్దరినీ చూసుకోవాల్సింది మా నానమ్మే. ఫ్యాక్టరీ గోడకు ఆనించి వేసిన రేకుల కొట్టంలో ఆవు, లోపలి గదిలో అత్త. నానమ్మ ఆ రెండింటి మధ్యా తిరుగుతూనే ఉండేది. నేనేమో ఆమె కొంగు పట్టుకుని, నోటికి తాళం లేకుండా వాగుతూ వెనకాలే తిరిగేదాన్ని.

అత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. చెవులకు గుడ్డ కట్టించి, కిటికీ మూసి, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసి, బాలింతను ఎంత పద్ధతిగా చూడాలో అంత పద్ధతిగా చూసింది నానమ్మ. ఆ పొగకు నా కళ్లు మండేవి. అయినా పోయి అత్త పక్కన కూర్చునేదాన్ని. అత్త మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. ఒళ్లు కాలిపోతుంటే, అది పాలు పడే జ్వరమని, దానంతటదే పోతుందని అందరూ అన్నారు. పాప ఏడ్చినా లేచేది కాదు. "గింత బద్ధకమేందే బిడ్డా" అని నానమ్మ ఒకటి రెండుసార్లు విసుక్కుంది కూడా.

ఆవు సంగతి వేరు. అది ఒక్క పూట మేత మానేస్తే మా ఇల్లంతా కదిలిపోయేది. ఈసారి ఈనిన కొన్నాళ్లకు మేత తగ్గించి, వీపు గూనిలా వంచి, తోక ఎత్తిపెట్టి నిలబడింది. హబ్సిగూడ హాస్టళ్లకు పోసే పాలు సగానికి పడిపోయాయి. పక్కింటి పెద్దమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేసింది. నానమ్మకు మనసు ఒప్పక, ఉప్పల్ నుంచి పశువుల డాక్టరమ్మను పిలిపించింది.

డాక్టరమ్మది చిన్న వయసే. స్కూటీ దిగి ముందు ఆవు నుదురు గోకింది. తర్వాత నానమ్మను అడగడం మొదలుపెట్టింది. దూడ వెనకాల మాయ ఎప్పుడు పడింది, మొత్తం పడిందా, మేత ఎప్పటి నుంచి తగ్గింది, కింద నుంచి ఏమైనా కారుతోందా, అది ఏ రంగు. నానమ్మ ఒక్కదానికీ తడుముకోలేదు. డాక్టరమ్మ జ్వరం చూసింది. తోక కింద గోరువెచ్చని నీళ్లతో కడిగింది. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టి, బయటికి తీసినదాన్ని అరచేతిలో వెలుతురుకు పట్టి చూసింది. నీళ్లలా పల్చగా, ఎర్రమట్టి రంగులో ఉంది. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన కూడా చూసింది!

"ఛీ! గదేంది డాక్టరమ్మా!" అని నేను ఎగిరి అవతల పడ్డాను.

ఆమె నవ్వింది. "ఛీ అంటే ఎట్లనే? నీకు కడుపు నొస్తే మీ నానమ్మకు జెప్తవ్. మరి ఇది జెప్తదా? దీని మాట గిదే. ఈనినంక కొన్ని దినాలు కారుడు మామూలే. జిగటగ ఉంటది, గింత కంపు కొట్టది. కంపు, జ్వరం రెండు గలిసినయంటే గర్భసంచి లోపట పాడైనట్టు. జల్ది మందు పడకుంటే పానానికే మోసం."

నా నోరు ఆగుతుందా? "మా అత్త దగ్గర గూడ గిదే వాసనొస్తది. సాంబ్రాణి ఆరిపోయినంక," అన్నాను.

నానమ్మ చెయ్యెత్తింది. "నోర్ముయ్యవే సైతాన్! అత్తను తీస్కపోయి ఆవు పక్కన గడుతవా?"

"పిల్లను గొట్టకు అవ్వా," అంది డాక్టరమ్మ. ఆమె నవ్వడం మానేసింది. "నేను నిన్ను అడిగినయే, నువ్వు లోపటికి వోయి ఆమెను అడుగు."

నానమ్మ గదిలోకి పోయి మొట్టమొదట కిటికీ తెరిచింది. పొగ పోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత అత్త పక్కన కూర్చుని, ఆవు గురించి డాక్టరమ్మ అడిగిన మాటలనే ఒక్కొక్కటిగా, గొంతు తగ్గించి అడిగింది. అత్త దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఆ లోపల నుంచే, "ఎట్ల జెప్పాలెనే అమ్మా? సిగ్గైంది. పొద్దుగాల్నే లేసి ఆ బట్టలన్ని నేనే పిండుకున్న," అని వెక్కివెక్కి ఏడ్చింది.

"తప్పు నాది బిడ్డా. నేనడగాలె గద," అంది నానమ్మ.

డాక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "చెల్లె, నా మందులు గొడ్లకు. నీకు పనికిరావు. ఇప్పుడే పెద్ద దవాఖానకు వోవాలె," అంది. తానే సందు చివరికి పరుగెత్తి ఆటో పట్టుకొచ్చింది. వాళ్లను పంపించాకే వెనక్కి వచ్చి ఆవుకు సూదులేసింది. తాను చెప్పేదాకా ఆ పాలు ఎవరికీ పోయొద్దని ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పి వెళ్లింది.

సాయంత్రం దాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. నా మాట వల్ల అత్తకు ఏమైనా అవుతుందేమోనని నా భయం. నానమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. మాయ ముక్క ఒకటి లోపలే ఉండిపోయిందట. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారట. చెప్తూ చెప్తూ నన్ను దగ్గరికి లాక్కుని నా తల నిమిరింది. అత్త బిడ్డతో సహా ఇల్లు చేరేసరికి ఆవు కూడా కొట్టంలో నెమరు వేస్తోంది. నా వాగుడును నానమ్మ ఆ తర్వాత కూడా తిట్టింది. కాకపోతే సగం నవ్వుతూ తిట్టేది.

ఇప్పుడు నేను ఒక కుట్టు మిషన్ల యూనిట్‌లో పని చేస్తున్నాను. మాతో పనిచేసే ఆడపిల్లలు కాన్పులకు పోతే పండ్లు తీసుకుని చూడడానికి వెళ్తాం. అందరూ ఉయ్యాల చుట్టూ మూగి, ముక్కు ఎవరిదో కళ్లు ఎవరివో తేల్చుకుంటుంటారు. నేను మాత్రం తల్లి పక్కన కూర్చుని, తలుపు దగ్గరికి వేసి, జ్వరం ఉందా, వాసనేమైనా వస్తోందా, సిగ్గుపడకుండా చెప్పమని అడుగుతాను. చాలామంది "ఏందక్కా నువ్వు" అని కిసుక్కున నవ్వుతారు. పోయిన ఏడాది పీర్జాదిగూడలో ఒక పిల్ల నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదల్లేదు. ఆమె బిడ్డ మొహాన్ని నేను మొదటిసారి చూసింది దవాఖానకు పోయే ఆటోలోనే.