అడిగి కట్టుకున్న చీర

మా నాటకాల మేష్టారు పోయారు. తోటలో జీడిపిక్కలు ఏరుతుంటే మా అల్లుడు సెల్‌ఫోన్‌లో చెప్పాడు. గంప అక్కడే వదిలేసి నేనూ మా ఇంటిదీ పలాస బస్సెక్కాం.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నలుగురిలో నోరు విప్పను. అలాంటి నన్ను ఆయన ఆడవేషానికి ఎంచారు. "సిగ్గున్నోడికే ఆ వేషం కుదురుద్దిరా" అనేవారు.

తాతలనాటి హాస్య నాటకం ఒకటి ఆడేవాళ్ళం. గడుసు పెళ్ళాన్ని మొగుడు దారికి తెచ్చుకునే కథ. ఎదురు చెబితే కంచం లాగేస్తాడు, పుట్టింటికి పంపనంటాడు. ఆఖరున ఆమె వచ్చి అతని కాళ్ళు పట్టుకుంటుంది. జనం ఈలలు వేసేవారు. ఆ పెళ్ళాం వేషం నాది.

విగ్గులు, రంగులు టెక్కలి నుంచి అద్దెకు వచ్చేవి. చీరలు మాత్రం ఎవరింట్లోవి వాళ్ళు తెచ్చుకోవాలి. తొంభైల చివర్లో బారువలో ఆట పెట్టినప్పుడు, మా ఇంటిదాని పెళ్ళిచీర పెట్టెలోంచి తీసి పట్టుకెళ్ళాను. తెర ఎత్తబోతూ మేష్టారు నన్ను చూశారు.

"సీర బాగుంది. అడిగినావేటి?"

"మా ఇంటిదాన్ని అడగడమేటండి?"

ఆయన చేతిలో గంట కింద పెట్టేశారు. "అయితే తెర లెగదు. ఎల్లి అడిగిరా."

"ఎల్లు బావా, జనం రాళ్ళేత్తారు!" అన్నాడు మొగుడి వేషగాడు.

విగ్గుతో, రంగుతో, ఆట చూడ్డానికి వచ్చిన మా ఇంటిది కూర్చున్న ఆడవాళ్ళ వరసలోకి వెళ్ళాను. అందరూ కిసుక్కుమన్నారు. మా ఇంటిది నన్ను కిందనుంచి మీద దాకా చూసింది.

"మీసం తీసీసినాక గానీ నాను కనపడనేదేటి నీకు?"

తల దించుకుని "ఇత్తావా?" అన్నాను.

"ఇత్తాన్లే. గానీ నా పెళ్ళిసీర కట్టుకోని ఆడి కాళ్ళు పట్టుకున్నావో, ఇంటికి రానక్కర్లేదు."

వచ్చి మేష్టారికి చెప్పాను. ఎన్నో ఏళ్ళుగా ఆయన నేర్పుతున్న ఘట్టం అది. కోప్పడతారనుకున్నాను. గంట మళ్ళీ చేతిలోకి తీసుకుని, "సీర ఆవిడిది. మాటా ఆవిడిదే" అని కొట్టారు.

మొగుడి వేషగాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆఖరు ఘట్టంలో కాలు చాపాడు. నేను నిలబడ్డాను. "వంగు బావా, వంగు!" అని గొణిగితే మైకులో పడింది. బారువ బారువంతా నవ్వింది. చివరికి తన కాలు తనే వెనక్కి తీసుకున్నాడు.

కొబ్బరినూనెతో నా మొహం రంగు తుడుస్తూ మేష్టారు అన్నారు: "ఇన్నాళ్ళూ నవ్వు ఎవరి మీదకెల్తందో నానూ సూసుకోనేదురా." తర్వాత ఎక్కడ ఆడినా అదే ముగింపు.

బయటికి వెళ్ళేటప్పుడు ఆయన గడప దగ్గర ఆగి వంటింటి వైపు "ఎల్లిరానా?" అనేవారు. లోపల్నుంచి ఇంటావిడ "ఊఁ" అన్నది వినబడ్డాకే చెప్పులు తొడుక్కునేవారు. మేం నవ్వితే, "అడిగితే ఏటి పోద్దిరా?" అనేవారు. ఆ బారువ ఆట తర్వాత నేనూ అడగడం మొదలుపెట్టాను. మొదట్లో అడగడానికి సిగ్గేసి గడప దగ్గర నిలబడి దగ్గేవాణ్ణి. మా ఇంటిది అర్థం చేసుకుని "ఎల్లు" అనేది.

మొన్న ఆయన్ని బయటికి తెచ్చేటప్పుడు నేనూ ఒక చెయ్యి పట్టాను. ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. అలవాటు కొద్దీ అక్కడ ఆగిపోయాను. నాతోపాటు పట్టినవాళ్ళూ ఆగారు.

వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డ ఆయన ఇంటావిడ మావైపు చూశారు.

"ఊఁ" అన్నారు.