చింతపండు పులుసులో రాకర్ ఆర్మ్

మా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే చాలు, దేశం కాని దేశంలో, గిరావీన్‌లోని మా గరాజ్ కమ్మరి కొలిమి అయిపోయేది... పాత కారు బ్రేక్ డ్రమ్‌లో బార్బెక్యూ బొగ్గులు పోసి, తిత్తికి బదులు అమ్మ హెయిర్ డ్రయర్ పెట్టేవారు నాన్న. పక్కన సమ్మెట పట్టుకుని ఆయన స్నేహితుడు కరీం అంకుల్.

ఇద్దరిదీ దగ్గర్లోని పారమట్టాలో ఒకే ఆఫీసు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోతాయని లోకమంతా హడావిడి పడుతున్న రోజులవి. వారమంతా ఆ తారీఖులు సరిచేసి, సెలవు రాగానే బైకు మీద పడేవారు. రెండు పాత బైకుల్ని కలిపి ఒకటి చేస్తున్నారు మరి.

దాని ఇంజన్‌లో రాకర్ ఆర్మ్ విరిగిపోయి ఉంది. వాల్వును నొక్కే వేలెడంత ఇనుప ముక్క అది. ఎంత వెతికినా అలాంటిది మరొకటి దొరకలేదు.

"దొరక్కపోతే చేసుకుందాం లే అన్నా. మా అబ్బా కర్నూల్లో లారీ కమాన్‌పట్టీలు కొట్టేటోడే గదా" అన్నారు కరీం అంకుల్.

అలా లారీ బరువు మోసే ఉక్కు పట్టీ, ఒక పాత కమాన్‌పట్టీ, ముక్కలైంది. మొదటిది కొడుతుంటేనే పగిలింది. రెండోది వంకరపోయింది. మూడోది కుదిరింది... ఆకురాయితో అరగదీసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ సన్నని వేడి మీద కాచి, వచ్చే శనివారం బిగిద్దామని బల్ల మీద పెట్టారు.

నాకు పదేళ్లు. అది అట్ల పెనమంత నల్లగా ఉంది. కొత్త బైకులోకి ఇంత నల్లటిదా అనిపించింది. అమ్మ శుక్రవారం ఇత్తడి కుందులు తోమగా చింతపండు పులుసు మిగిలింది. ఆ రాకర్ ఆర్మ్‌ను అందులో పడేశాను. తెల్లారి పీచుతో రుద్దితే తళతళలాడింది! ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టేశాను.

కరీం అంకుల్ పాలిష్ పట్టారని నాన్న, నాన్న పట్టారని ఆయన... ఒకరినొకరు తెగ మెచ్చుకుని బిగించేశారు. నేను లోలోపల మురిసిపోయాను.

ఆఖరి నట్టు బిగిస్తూ కరీం అంకుల్ నాతో కబుర్లు మొదలుపెట్టారు. "మా దుకాణంలో ఒకడు తుప్పు పోవాలని కమాన్‌పట్టీని యాసిడ్‌లో నానబెట్టినాడు బేటా. గట్టిపడిన ఇనుము గదా, పులుపు తగిలి పెళుసైపోయింది. మర్నాడు లోడెక్కంగానే ఫట్‌మని విరిగింది."

చింతపండు మాత్రం పులుపు కాదూ?

ఈలోగా నాన్న కిక్ కొట్టారు. నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. అమ్మ కూడా బయటికి వచ్చింది. నాన్న హెల్మెట్ పెట్టుకున్నారు. చెబితే మూడు వారాల కష్టం నేనే పాడుచేశానని తెలిసిపోతుంది. చెప్పకపోతే నాన్న హైవే మీద ఉండగా అది విరిగితే...

వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను. "డోంట్ గో నాన్నా... ఐ పుట్ ఇట్ ఇన్ చింతపండు."

కరీం అంకుల్ ఇంజన్ ఆపేశారు. "కుందుల పులుసులోనా?" అంది అమ్మ. తలూపి ఏడుపు అందుకున్నాను.

నాన్న తిడతారనుకున్నాను. ఆయన బైకు దిగి నా ముందు నేల మీద కూర్చున్నారు. "ఎంతసేపు నానబెట్టావమ్మా?" అని మాత్రం అడిగారు.

"ఆల్ నైట్."

"బ్యాటరీ యాసిడ్ అయితే గాదు, ఏం కాకపోవచ్చు" అన్నారు కరీం అంకుల్. "అయినా రిస్కెందుకన్నా, ఊడదీసి ఓవెన్‌లో నాలుగు గంటలు కాలుద్దాం. పులుపుతో లోపలికి పోయిన గాలేమన్నా ఉంటే బయటికొస్తాది."

మా ఇంట్లో ఓవెన్ అంటే అమ్మ మూకుళ్లు దాచుకునే బీరువా. అవన్నీ బయట పెడుతూ, "ఈ పూట నేను వండను, ఆ ఇనుమే తినండి" అంది అమ్మ. తిట్టినట్టే తిట్టి పులిహోర కలిపింది.

నాలుగు గంటలు వంటింట్లోంచి ఎవరూ కదల్లేదు. చల్లారాక భూతద్దం పెట్టి చూశారు, బీటలేమీ లేవు. మళ్లీ బిగించారు. నేనింకా వద్దు వద్దంటూనే ఉన్నాను.

"నువ్వు దాచి ఉంటే భయపడాలిరా చిట్టీ. చెప్పేశావుగా, ధైర్యంగా ఎక్కుతా" అన్నారు నాన్న.

బైకు వీధి మలుపు తిరిగింది. చప్పుడు దూరమై, ఆగిపోయినట్టే అనిపించింది... కాసేపటికి వీధి అటు చివర నుంచి మళ్లీ వినిపించింది. నాన్న వచ్చి రెండు కాళ్లూ నేల మీద ఆనించాక గానీ నాకు ఊపిరి అందలేదు. అంత హాయి మళ్లీ ఏ పరీక్ష పాసైనా దొరకలేదు.

ఇప్పుడు ఏది కావాలన్నా ఫోన్‌లో నొక్కితే రెండు రోజుల్లో గుమ్మం ముందుంటుంది. మా పిల్లలు ఏదైనా పాడుచేస్తే మారు మాట్లాడకుండా కొత్తది తెప్పిస్తున్నాను... పాపం, వాళ్లకు ఒప్పుకునే అవసరమే రావడం లేదు. మీరు చిన్నప్పుడు ఏడుస్తూ ఒప్పుకున్న తప్పేదైనా ఉందా? విన్నవాళ్లు ఏమన్నారో కూడా రాయండి...