బందరు ఓడకు బంతిపూల దండ

ఇంజను మోత లేకుండా, ఒక్క గాలి చేతనే సముద్రం మీద పోవాలని చిన్నప్పటి నుంచీ నా కోరిక. బందరు కాలవలో ధాన్యం పడవలు తెరచాపలెత్తి రావడం కళ్లారా చూసినవాణ్ణి. ఇప్పుడా కాలవలో గుర్రపుడెక్క తప్ప ఏమీ కదలదు. బళ్లో ఐదో తరగతి దాటకపోయినా, డచ్చివాళ్ల ఓడలు బందరు వచ్చిన సంగతి దొరికిన పుస్తకమల్లా చదివి తెలుసుకున్నాను. ఆ ఊళ్లోనే పుట్టినవాణ్ణి అడగండి, లడ్డూ గురించి తప్ప చెప్పలేడు. అందుకే, ఆనాటి డచ్చి ఓడకు అచ్చు నకలుగా కట్టిన మూడు తెరచాప కొయ్యల ఓడ బందరు వచ్చిందనీ, పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపుతారనీ వినగానే రెండు టికెట్లు తీయించాను.

తెల్లవారుజామునే గుడివాడలో పాసింజరు ఎక్కాం. తోడు మా బావ, పాత ట్రాక్టరు మెకానిక్కు. ఒళ్లో పెద్ద సంచీ.

"ఏంటి బావా అందులో?"

"ఓడెక్కాక చూద్దువుగాని."

పెడన వచ్చేసరికి ఇడ్లీ పొట్లాలు ఖాళీ. బందరులో దిగి ఆటోలో గిలకలదిండి రేవుకు చేరాం. వెళ్లేవాళ్లు టోపీ మరవకండి, ఓడ మీద నీడ తక్కువ.

దాన్ని చూడగానే నా వయసు మర్చిపోయాను. నల్లటి చెక్క ఒళ్లు, ఆకాశం మీద గీతలు గీసినట్టు తాళ్లు. "ఎంతైనా నకలేగా" అని ఎవరో గొణిగితే, చిలకలపూడి నుంచి వచ్చిన ఒకావిడ తిప్పికొట్టింది: "అయితే ఏమండీ? మా ఊరి రోల్డుగోల్డు గొలుసులు పెళ్లిళ్లలో మెరవట్లేదా?"

ఇంజను మీదే రేవు దాటాం. నీళ్లు సముద్రంలో కలిసే మొగ కూడా దాటాం. ఇంజను ఆగలేదు. గాలి కుదరాలండీ అన్నాడు ఓడ నడిపే సరంగు, నాగాయలంకవాడు. కాసేపటికి గాలి కుదిరింది. నలుగురు తాడు లాగారు. పెద్ద తెరచాప సగం లేచి బిగుసుకుపోయింది. ఎంత లాగినా కదల్లేదు.

నాకు ఒళ్లు మండింది. "తెరచాప ఓడని టికెట్టు అమ్మి లాంచీ షికారు చేయిస్తారా? అడిగేవాడు లేడనా?" అని అందరూ వినేలా అడిగాను. జనం నాకే వత్తాసు పలికారు.

సరంగు ఒక మనిషిని కొయ్య ఎక్కించాడు. పైన తాడు తిరిగే కప్పీలోంచి వాడు పీకి పడేసింది నా కాళ్ల దగ్గర పడింది. నలిగిన బంతిపూల దండ, దారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు.

"ఎవరండీ ఇది తాడుకి కట్టింది?"

బావ ముందుకొచ్చాడు. "నేనేనండీ. కొత్త బండిని నిమ్మకాయ కట్టకుండా ఎవడన్నా రోడ్డెక్కిస్తాడా? దిష్టి తగలదూ?"

సంచీలోంచి తీసి చేతికందిన తాడుకు కట్టాడన్నమాట. లాగేసరికి అది పైకెళ్లి కప్పీలో ఇరుక్కుంది. నేను సముద్రం వైపు తిరిగాను.

సరంగు నవ్వాడు. దండ తీసుకెళ్లి ఓడ ముక్కుకు కట్టించాడు. "దీని చోటు ఇదండీ" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "పెద్దాయనా, మీ గొంతులో ఉన్న బలం కొంచెం తాడు మీద చూపించండి."

పట్టుకున్నాను. బావ నా వెనక. చిలకలపూడి ఆవిడ కూడా కొంగు బిగించి వచ్చింది. లాగిన కొద్దీ తెరచాప లేచింది, ఫెళ్లున గాలి పట్టింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. సరంగు ఇంజను ఆపేశాడు.

ఆ క్షణం గురించి ఎంత రాసినా తక్కువే. నీళ్లు చెక్కను రాసుకుంటున్న చప్పుడు, తాళ్ల కిర్రు, అంతే. దూరాన దివిసీమ మడ అడవులు పచ్చటి గీతలా వెనక్కి జరుగుతున్నాయి.

తిరుగు దారిలో గాలి ఎదురు, మళ్లీ ఇంజనే. ఈసారి నేనేమీ అనలేదు. సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చున్నాక బావ అడిగాడు: "ఇప్పుడు చెప్పు బావా, లాంచీయేనా అది?"

తాడు ఒరుసుకుపోయి నా రెండు అరచేతులూ భగభగమంటున్నాయి. గుడివాడ వచ్చేదాకా వాటిని తెరిచి చూసుకుంటూనే ఉన్నాను.