మిరపకాయల డాబా మీద నా మాగ్నెట్ సెన్సర్

మీకు ఇప్పుడొక వరద సంగతి చెప్త. కృష్ణ పొంగలే, మూసీ పొంగలే. మండే ఎండకాలంల, సుక్క వాన లేకుండ, సూర్యాపేటల ఒక డాబా మీదికి వరద తెచ్చిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండ్రి గని, జర ఆఖరుదాక ఆగి నవ్వుకోండ్రి.

తొంభైలల్ల ముచ్చట. మాది తిరుమలగిరి దిక్కు. సూర్యాపేటల ఖాదర్ ఉస్తాద్ రేడియోలు, టీవీలు రిపేరు చేస్తుండె, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న. నాలుగు టేప్ రికార్డర్లు బాగుచేసిన్నో లేదో, సొంత దుకాణం మీద మనసు పడ్డది. నేను కిరాయికున్న ఇంట్ల రోడ్డు మొఖాన ఒక ఖాళీ గది ఉండె. కండ్లు మూస్తే అదే గది. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, గది లేదు గిరాకి లేదు, నా పేరుతోని బోర్డు మాత్రం రాపిచ్చి మంచం కింద దాసుకున్న.

ఇంటామె సుగుణమ్మ. నేను పెద్దమ్మా అని పిలుస్తుంటి. కోదాడ నుంచి కాపురానికొచ్చిన మనిషి, మాట అటు దిక్కుదే. ఆమె పరేషాన్ ఒక్కటే. మోటరు ఏసి మర్చిపోతది, మీద ట్యాంకు నిండి డాబా అంత పారుతది.

"ఏమయ్యా, ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగేట్టు చెయ్యగలవా? చేస్తే ముందు గది నీకే."

"గంతేనా పెద్దమ్మా! ఆదివారం అయిపోతది సూడున్రి."

ఉపాయం మంచిదే. ట్యాంకుల ఒక థర్మకోల్ ముక్క తేలుతది. దానికి నిలువు పుల్ల, పుల్ల కొసకు పాత స్పీకర్ మాగ్నెట్. నీళ్లు తగ్గితే మాగ్నెట్ దిగి సెన్సర్ పక్కకొస్తది, మోటరు నడుస్తది. నీళ్లు నిండితే మాగ్నెట్ మీదికి పోతది, మోటరు ఆగుతది. సెన్సర్ అంటే మినపగింజంత ఉంటది, మూడు కాళ్లు.

ఉస్తాద్ దాన్ని అరచేతిల పెట్టుకొని సూసిండు. "అరే, ఇది కబురు చెప్పెటోడు, బస్తా మోసెటోడు కాదు. సక్కగ ఐదు వోల్టులియ్యి. మోటరును ఆన్ చేసే రిలేను దీంతోని సీదా గుంజిపియ్యకు. నడుమల ట్రాన్సిస్టర్ పెట్టు, రిలేకు డయోడ్ పెట్టు. లేకుంటే ఖతం."

"సరే ఉస్తాద్" అన్న. నోరన్నది, చెవులు మాత్రం ఇనలే.

ఆదివారం చూస్తే నా సంచిల ట్రాన్సిస్టర్ లేదు, దుకాణం బంద్. ఒక్కరోజు ఆగితే నా సొమ్మేం పోతుండె, చెప్పున్రి! ఆగలే. రేడియో అడాప్టర్‌కెళ్లి పన్నెండు వోల్టులు ఇచ్చి, రిలేను సీదా సెన్సర్‌కే కట్టిన. మాగ్నెట్ లేపితే టిక్, మోటరు ఆగింది. దించితే టిక్, మోటరు నడిసింది. మూడుసార్లు చూపిచ్చిన. పెద్దమ్మ మొఖం వెలిగిపోయింది.

ఎన్నడు లేంది ఆమె ఆ రోజు ట్యాంకు పక్కనే చాపలు పరిసి మిరపకాయలు ఆరబోసింది. "మాకూ, మిర్యాలగూడలో ఉన్న మా అమ్మాయికీ ఏడాది కారం ఇదే నాయనా. తడవవుగా?"

"ఒక్క సుక్క పడితే నన్నడుగున్రి పెద్దమ్మా!"

అడాప్టర్ అప్పటికే ఏడెక్కింది, పట్టించుకోలే. నేను కిందికొచ్చి, మంచం కిందికెళ్లి బోర్డు తీసి, ముందు గది తలుపు మీద పెట్టి మొల కొడుతున్న. నెత్తి మీద సల్లగ ఒక సుక్క పడ్డది. ఎనకనే ఒక మిరపకాయ. ఆ ఎనక డాబా తూములకెళ్లి ఎర్రటి ధార!

ఎదురింటాయన అరుగు మీదికెళ్లి అడిగిండు. "ఏందయ్యా, డాబా మీద పులుసు కాస్తున్రా?"

ఉరికి పోయి సూస్తే ఏముంది! మిరపకాయలు గుంపులు గుంపులుగ తూము దిక్కు ఈదుకుంట పోతున్నయి. కబురు చెప్పెటోడు, అదే నా సెన్సర్, బస్తా కింద పడి పానం ఇడిసిండు గని, పట్టుకున్న రిలేను మాత్రం ఇడువలే. మోటరు నడుస్తనే ఉంది. ఫ్యూజు పీకి, మోకాళ్ల మీద కూసొని దొరికినయి దొరికినట్టు ఏరుతున్న. చేతులు మంట, కండ్లు మంట. నిజం చెప్పాలంటే ఏడుపు కారానికి రాలే, సిగ్గుకే వచ్చింది.

పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. అరవలే, తిట్టలే.

"ఒక్క చుక్క పడితే నిన్నడగమన్నావుగా. అడుగుతున్నాను, చెప్పు."

కిందికి దిగి, బోర్డు తీసి మళ్ల మంచం కిందికి తోసిన. ముందు గది మిరపకాయలకే పోయింది. రాత్రుల్ల అవి ఫ్యాను కింద పండుకునేటియి, పగలు డాబా మీద ఎండకు. వాటికి కావలి, ట్యాంకుకు కావలి నేనే, చేతిల గొడుగు.

మూడో రోజు ఉస్తాద్ సూడనీకి వచ్చిండు. "సెన్సర్ ఏడుందిరా?"

నేను లేసి నిలబడ్డ.

"పవర్ సప్లయి?"

"పూటకు రెండు గ్లాసుల మజ్జిగ ఉస్తాద్."

గంతల కిందికెళ్లి కేక. "ఏమయ్యా, నిండిందా?"

"నిండింది పెద్దమ్మా, బంద్ చెయ్యున్రి!"

మోటరు ఆగింది. ఉస్తాద్ తల ఊపిండు. "ఇప్పుడు కనెక్షన్ కరెక్టుగుంది. ఉత్త కబురే చెప్తున్నది."

అందుకే, ఆ మిరపకాయల మీద ఒట్టేసి చెప్తున్న, నడుమల ట్రాన్సిస్టర్ లేకుండ ఈ జన్మల ఏ సెన్సర్‌కు రిలే కట్ట. తడిసినయి కాదు, ఎండిన మిరపకాయల మీదనే ఒట్టు.